షెల్టర్ పిల్లలకి పండగ గిఫ్టులు, ప్యాకింగ్ విప్పమంటున్నారు, హెల్ప్ కావాలి

వానచినుకు: పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నామండీ, ఇంక బుర్ర పనిచెయ్యట్లేదు. ఇల్లు లేనివాళ్ళ షెల్టర్‌లో ఉండే అనాథ పిల్లలకి పండక్కి గిఫ్టులు ఇద్దామని ఫ్రెండ్సందరం కలిసి బొమ్మలు పోగేశాం, రంగు కాగితాలు చుట్టేశాం, రిబ్బన్లు కూడా కట్టేశాం, తీరా ఫోన్ చేస్తే అంతా విప్పేసి తెమ్మంటున్నారు. పిల్లల పేర్లు చెప్పరంట, మా చేతుల మీదుగా ఇస్తామంటే కుదరదంట, ఫొటోలు అస్సలు వద్దంట. ఇన్ని రూల్సైతే ఎవరు ముందుకొస్తారు? ఏం చెయ్యమంటారో చెప్పండి ప్లీజ్

పాతకాపు: పిల్లల వయసులు?

లెక్కల మాస్టారు: ముందు ఫొటోల సంగతి తేలాలి. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణ పిల్లల ప్రైవసీ గురించే. షెల్టర్లలో ఇంట్లో దెబ్బలు భరించలేక పిల్లల్ని తీసుకుని వచ్చేసిన తల్లులు కూడా ఉంటారు, ఫొటోలో వెనకాల గేటు కనపడితే చాలు, ఆ కొట్టిన మనిషికి వాళ్ళ ఆచూకీ తెలిసిపోతుంది. అదే ఒడంబడికలో 31వ అధికరణ ఆటని కూడా పిల్లల హక్కుగా చెప్పింది, కాబట్టి మనమేదో దానం చేస్తున్నాం అనుకోకూడదు.

వానచినుకు: ఫొటోలు మానేస్తాం మాస్టారూ, ప్యాకింగ్ సంగతి చెప్పండి

నీలిగన్నేరు: నేను షెల్టర్‌లో గిఫ్టులు సర్దే పనికి వెళ్తుంటానండీ. లోపల ఏముందో కనపడకపోతే ఏది ఎవరికి సరిపోతుందో స్టాఫ్‌కి ఎలా తెలుస్తుంది? ఇంకోటి, అనాథ పిల్లలు అన్నారు, ఫ్యామిలీ షెల్టర్ అయితే అమ్మో నాన్నో పక్కనే ఉంటారు కదా. చాలా చోట్ల బొమ్మలన్నీ ఒక గదిలో పరిచి పెడతారు, తల్లిదండ్రులే వచ్చి ఏరుకుని, చుట్టుకుని, వాళ్ళ చేత్తో ఇచ్చుకుంటారు. ఒకావిడ టేపు ముక్కలు పళ్ళతో కొరికి వరసగా వేళ్ళకి అంటించుకుని, పెట్టె మూల సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ మడవడం చూశాను. ఆ పని మనం లాగేసుకోకూడదు. కాగితాలు, టేపు, కత్తెర విడిగా ఒక సంచిలో వేసి ఇవ్వండి

సందేహాలరావు: అనాథ అంటే అంత తప్పేంటో, నిలువ నీడ లేదంటే దిక్కు లేనట్టేగా

పాతకాపు: తల్లి పక్కనే ఉంది. ఆవిడ వింటే?

వానచినుకు: సరే ఆ మాట వదిలెయ్యండి. లిస్టులో 2 ఏళ్ళ నుంచి 16 దాకా అని ఉంది, మా దగ్గరున్నవన్నీ టెడ్డీలు, కార్లు. కొన్ని మా పిల్లలవే, పెద్దగా ఆడలేదు

పాతకాపు: వాడినవి తీసెయ్యండి. నల్లుల భయంతో చాలామంది తీసుకోరు. 3 ఏళ్ళలోపు వాళ్ళకి చిన్న ముక్కలున్న బొమ్మలొద్దు, టిష్యూ రోల్ అట్ట గొట్టంలో పట్టేదేదైనా గొంతులో ఇరుక్కోవచ్చు. బటన్ బ్యాటరీ, అంటే చిన్న గుండ్రటి బిళ్ళలాంటిది, దాని మూతకి స్క్రూ లేకపోతే ఆ బొమ్మా వద్దు. మింగితే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు.

నీలిగన్నేరు: టీనేజ్ పిల్లల్ని అందరూ మర్చిపోతారు, టెడ్డీలు గుట్టలుగా వస్తాయి, పదిహేనేళ్ళ వాడికి ఇవ్వడానికి ఏమీ ఉండదు. హెడ్‌ఫోన్స్, మంచి బ్యాగు, బొమ్మలేసుకునే పుస్తకం, గిఫ్ట్ కార్డు, ఇలాంటివి చూడండి. కుటుంబమంతా ఒకే గదిలో ఉంటారు, రేపు ఇల్లు దొరికితే మోసుకుపోవాలి, పెద్ద సామాను వద్దు. అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి ఒకరికి రెండు ఒకరికి ఒకటి అవ్వకుండా కూడా చూసుకోండి

సందేహాలరావు: గిఫ్ట్ కార్డంటే డబ్బే కదా, దేనికి ఖర్చు పెడతారో ఏం తెలుసు

నీలిగన్నేరు: పదహారేళ్ళ పిల్ల షాపుకెళ్ళి తన సైజు తను చూసుకుని, తనకి నచ్చిన రంగు కొనుక్కుంటుందండీ. దానికి మనకి లెక్క చెప్పాలా?

లెక్కల మాస్టారు: మీరు ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. పిల్లలతో నేరుగా పని చేసే వాలంటీర్ల వెనక చరిత్ర ఆరా తియ్యడం షెల్టర్ల బాధ్యత, మా చేతులతో ఇస్తామంటే ఒప్పుకోకపోవడానికి అదీ ఒక కారణం. దీని మీద విడిగా రాస్తాను.

వానచినుకు: రిబ్బన్లు విప్పుతున్నాం. టీనేజ్ పిల్లలు ఎంతమందో కనుక్కుంటాం. థాంక్సండీ

పాతకాపు: రిమోట్ కార్లకి బ్యాటరీలు కూడా కొనండి.