సమస్యాపూరణం: "శక్తి పెరుగ నాట సాగకుండె"

ఛందం బడి (నిర్వహణ):
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

శక్తి పెరుగ నాట సాగకుండె

శక్తి పెరిగితే ఆట సాగాలి గదా, మరి ఎందుకు సాగలేదో పై మూడు పాదాల్లో చెప్పండి. సందర్భం మాత్రం పాత గేమింగ్ పీసీకి కొత్త గ్రాఫిక్స్ కార్డు వెయ్యడమే. మన మిర్యాలగూడ తమ్ముడు మొన్న అడిగాడు, ఐ5-4570 ప్రాసెసరు, బీ85 మదర్‌బోర్డు, 1050 టీఐ కార్డు, బ్రాండ్ లేని 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే పవర్ పెట్టె), ఫుల్ హెచ్‌డీ మానిటరు, ఇందులోకి ఏ కార్డు తీసుకోవాలి అని. మీ పూరణల్లోంచే వాడికి జవాబు దొరకాలి.

గోదారి గేమర్:
గురువుగారూ, నా పూరణ.

పాత డబ్బలోన బలమైన కార్డుంచ
వాట్లు చాలవనియె పవరుపెట్టె
తెరయు నల్లబడియె, తిరిగాగె ఫ్యానులు
శక్తి పెరుగ నాట సాగకుండె

ఛందం బడి:
భావం భేష్. "వాట్లు – పవరు" యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరం) మీద ఎవరికైనా అనుమానం ఉంటే, ప ఫ బ భ లతో వ కి మైత్రి ఉంది కాబట్టి చెల్లుతుంది. ఒక్క చోట మాత్రం దిద్దాలి, "తిరిగి" క్త్వార్థం ("చేసి" లాంటి అసమాపక క్రియ), దాని చివరి ఇకారానికి సంధి లేదు, "తిరిగాగె" అనకూడదు. "తెరయు నల్లబడియె, తిరిగి ఫ్యాన్లు నిలిచె" అంటే గణాలూ సరిపోతాయి, ఫ్యాన్లు ఒక్కసారి తిరిగి ఆగిపోయే ఆ దృశ్యం కూడా పోదు.

సీటీసీ రెగ్యులర్:
పద్యం సంగతి గురువుగారు చూశారు, నేను లెక్క చెప్తా. తమ్ముడూ, క్యాబినెట్ పక్క రేకు విప్పి ఎస్ఎంపీఎస్ మీదున్న స్టిక్కర్ ఫోటో పెట్టు. పైన పెద్దక్షరాల్లో 450 అనే ఉంటుంది, కింద చిన్న గడుల్లో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లో అది చూడాలి, ప్రాసెసరూ కార్డూ తాగేది ప్రధానంగా ఆ లైన్లోంచే.

మిర్యాలగూడ తమ్ముడు:
చూశానన్నా, 12 వోల్టుల కింద 16 ఆంపియర్లు అని ఉంది.

సీటీసీ రెగ్యులర్:
అంటే 192 వాట్లే. నీ ప్రాసెసరు టీడీపీ (నిండు పనిలో వెలువడే వేడి, అంటే సుమారుగా తాగే కరెంటు) 84 వాట్లు, నువ్వు మనసు పడ్డ ఆర్ఎక్స్ 6600 కార్డుకి 132, రెండూ కలిపితేనే 216. గోదారి తమ్ముడి పద్యం మీ ఇంట్లో అక్షరాలా జరుగుతుంది. మోలెక్స్ (పాత 4 పిన్ల పవర్ కనెక్టరు) నుంచి కార్డు 8 పిన్‌కి మార్చే వైరు ఏదో దొరుకుతుందిలే అని మాత్రం అనుకోకు, 8 పిన్ అంటే 150 వాట్ల దాకా లాగేది, ఆ సన్నటి వైర్లు కాలతాయి.

అవధానప్రియ:
నాదీ ఒకటి.

కార్డు కొత్తదాయె, కాని ప్రాసెసరేమొ
నాల్గు కోర్ల ముసలి నడక నడిచె
ఫ్రేము ఫ్రేము నడుమ పెనుకుదుపులు పుట్టె
శక్తి పెరుగ నాట సాగకుండె

ఛందం బడి:
అక్కయ్యా, "ముసలి నడక నడిచె" దగ్గర వరసగా మూడు నగణాలు (మూడేసి లఘువులు) పడి నిజంగా ఈడ్చుకుంటూ నడిచినట్టే వినిపిస్తోంది, చాలా నచ్చింది. యతులన్నీ కుదిరాయి.

సీటీసీ రెగ్యులర్:
పద్యం బాగుంది గానీ అర్థం దగ్గర నాకు చిన్న పేచీ ఉందక్కా. ప్రాసెసరు వెనకబడితే కొత్త కార్డు సగం ఖాళీగా కూర్చుంటుంది తప్ప ఆట మామూలుగా పాత స్పీడుకంటే కిందికి పోదు, కాబట్టి "సాగకుండె" అనడం కాస్త ఎక్కువే. తమ్ముడు ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు, ఆఫ్టర్‌బర్నర్ (కార్డు వాడకం చూపే సాఫ్ట్‌వేర్) ఆన్ చేసి ఆడుతూ చూస్తే కార్డు వాడకం 99 శాతం దగ్గరుంటే కార్డే అడ్డం, కార్డు 60 లో ఉండి కోర్లన్నీ నిండిపోతే ప్రాసెసరే అడ్డం. రిజల్యూషన్ తగ్గించినా ఫ్రేములు పెరక్కపోతే అదీ ప్రాసెసరు గుర్తే. అలా తేలితే అదే సాకెట్‌లో సెకండ్ హ్యాండ్ ఐ7-4770 వేస్తే 8 థ్రెడ్లొస్తాయి (ఒకేసారి నడిచే పని వరసలు).

అవధానప్రియ:
ఒప్పుకోను తమ్ముడూ, మధ్యమధ్యలో బిగుసుకుపోతుంటే ఆడేవాడికి అది సాగనట్టే, సగటు ఫ్రేములు ఎంతుంటే ఏం లాభం.

కందం కుర్రాడు:
మూడు ఫ్యాన్ల కార్డు డబ్బాలొ పట్టక
హార్డుడిస్కు గూడు అడ్డమాయె
కోయ జూడ రేకు, కోసెను చేతిని
శక్తి పెరుగ నాట సాగకుండె

ఛందం బడి:
బాబూ, మొదటి పాదంలో "మూ" కి "డ" తో యతి లేదు, "ముందుకు పోదాయె" అను. "గూడు అడ్డ" దగ్గర ఉత్వసంధి నిత్యం, విడదీయకూడదు, "చట్ర మడ్డమాయె" అంటే హకారానికి అకారంతో యతీ నిలుస్తుంది. వీటన్నిటికంటే పెద్ద చిక్కు, కార్డే ఎక్కకపోతే శక్తి ఎక్కడ పెరిగింది? పై పాదం చివర ఒక మాట తగిలించి సమస్యని మలుపు తిప్పడం మన పాత పద్ధతి, చూడు:

మూడు ఫ్యాన్ల కార్డు ముందుకు పోదాయె
హార్డుడిస్కు చట్ర మడ్డమాయె
నెట్టి నెట్టి చూడ నేరుగా నా కండ
శక్తి పెరుగ నాట సాగకుండె

ఇప్పుడు పెరిగింది కండశక్తి. కొనే ముందు స్లాట్ దగ్గర్నుంచి ముందు ఫ్యాను దాకా టేపు పెట్టి కొలవండి, కార్డు పొడవు మిల్లీమీటర్లలో కంపెనీ పేజీలోనే ఉంటుంది.

కందం కుర్రాడు:
ఆహా గురువుగారూ! ఇంకోటి రాశా.

కొత్తకార్డు పెట్టి కూర్చుండె ముదమున
తీగ మదరుబోర్డు తెరువె పట్టె
కార్డు నిద్రపోయె, కానరా దొక మార్పు
శక్తి పెరుగ నాట సాగకుండె

ఛందం బడి:
ఈసారి దిద్దడానికి నాకేమీ మిగల్చలేదు. మానిటరు తీగ బోర్డుకే ఉండిపోతే బొమ్మే రాదు, వచ్చినా ప్రాసెసర్‌లోని హెచ్‌డీ 4600 మీద ఆట నడుస్తుంది. సమస్యకి నూటికి నూరుపాళ్లు సరిపోయిన పూరణ ఇదే, ఈ వారం మొదటి స్థానం దీనికి.

మిర్యాలగూడ తమ్ముడు:
కార్డు 99 దగ్గరే ఉందన్నా, కోర్లు డెబ్బై లోపు. మరి ఏది కొనాలి?

సీటీసీ రెగ్యులర్:
ఎస్ఎంపీఎస్ మార్చనంటే 2024 లో వచ్చిన ఆర్టీఎక్స్ 3050 6 జీబీ, అది 70 వాట్లు, నీ 1050 టీఐ 75, కాబట్టి కొత్త బరువేమీ పడదు. విడిగా పవర్ పిన్ లేని మోడలే అడుగు, షాపువాడు అదే పేరుతో 8 జీబీది చూపిస్తే అది 130 వాట్లది, వద్దు. 6500 ఎక్స్‌టీ కూడా వద్దు, దానికి నాలుగు లేన్లే (బోర్డుతో డేటా నడిచే దారులు), నీ బోర్డు స్లాటు పాత వేగపు పీసీఐఈ 3.0 కాబట్టి 4 జీబీ మెమరీ నిండగానే కుంటుతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసరు ఒకేసారి చేరుకునే సౌకర్యం) కావాలి, ఈ బోర్డుల్లో ఉండదు. నా మాట అడిగితే మాత్రం ఈ నెల మంచి ఎస్ఎంపీఎస్ కొను, కార్డు వచ్చే నెల 6600 తీసుకో, రెండూ రేపు కొత్త పీసీ కట్టినా అందులోకి వెళ్తాయి.

మిర్యాలగూడ తమ్ముడు:
సరే అన్నా, ముందు ఎస్ఎంపీఎస్సే.

ఛందం బడి:
వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:

పాతదైన కార్డె పైడి యయ్యె