జాన్ హెండ్రిక్స్ పాటల్లో మాటలు పట్టుకోవడం ఎలా? జాజ్ వినేవాళ్లు కాస్త చెప్పండి

నేను చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, అంతే. జాజ్‌కి పూర్తిగా కొత్త. ఈమధ్య అమెరికన్ జాజ్ గాయకుడు జాన్ హెండ్రిక్స్ దగ్గర ఇరుక్కుపోయాను.

ఈయన 1921లో ఒహాయోలో పుట్టి, టొలీడోలో పెరిగారు. లా చదువు మధ్యలో వదిలేసి పాటవైపు వచ్చారు. శాక్సోఫోన్, ట్రంపెట్ వాళ్లు అప్పటికప్పుడు అల్లి వాయించిన సోలోకి, ఒక్క స్వరం కూడా వదలకుండా మాటలు రాసి పాడటం ఈయన ప్రత్యేకత. దాన్ని వోకలీస్ అంటారట. నాకైతే చిట్టస్వరానికి, అంటే కృతిలో వచ్చే స్వరాల వరుసకి, సాహిత్యం కట్టినట్టు అనిపించింది (పోలిక తప్పయితే తిట్టకండి!).

1957లో డేవ్ లాంబర్ట్, ఆనీ రాస్ అనే గాయకులతో కలిసి, కౌంట్ బేసీ అనే జాజ్ పియానిస్టు బ్యాండ్ పాటల ఆల్బమ్ రికార్డు చేశారు. పిలిపించిన బృందగాయకులు ఆ లయ అందుకోలేకపోతే, ఈ ముగ్గురే తమ గొంతుల మీద గొంతులు రికార్డు చేసి బ్యాండ్ మొత్తాన్ని పాడేశారు.

అందులో 'లిటిల్ పోనీ' దగ్గరే నా టెన్షన్. హెండ్రిక్స్ సోలో మొదలవగానే మాటలు మరమరాలు పోసినట్టు జారిపోతున్నాయి. వేగం 0.75కి తగ్గించినా సగమే దొరుకుతున్నాయి.

ముందు బేసీ బ్యాండ్ ఒరిజినల్ విని, ట్యూన్ నోటికి వచ్చాక ఇది వినాలా? లేక 1985లో మన్‌హాటన్ ట్రాన్స్‌ఫర్ అనే గాయక బృందానికి ఆయన రాసిన పాటలతో మొదలుపెడితే తేలికా? మీరెలా అలవాటు చేసుకున్నారో చెప్పండి ప్లీజ్.