టర్బో కారుకి చిక్కటి ఆయిల్ పోయాలా, పలచటిదా? బూస్ట్ 2 బార్ చూపిస్తే భయపడాలా?

ప్రశ్న:

నాది వోక్స్‌వ్యాగన్ ఏడో తరం గోల్ఫ్ జీటీఐ, 2 లీటర్ల టర్బో పెట్రోల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బండి హాయిగా నడుస్తోంది, కంప్లయింట్ అంటూ ఏమీ లేదు. ఇప్పుడు ఆయిల్ మార్చాల్సి వచ్చింది, అక్కడే అయోమయంలో పడ్డాను. తెలిసిన మెకానిక్ ఒకాయన "టర్బో బండికి వేడెక్కువ, 10డబ్ల్యూ-60 పోయించండి, అది రేసింగ్ ఆయిల్" అంటున్నాడు. ఇంకొకాయనేమో "ఇప్పుడొచ్చే బండ్లన్నిటికీ 0డబ్ల్యూ-20నే, పలచగా ఉంటేనే టర్బోకి గబుక్కున అందుతుంది" అంటున్నాడు. వింటుంటే ఇద్దరిదీ నిజమే అనిపిస్తోంది.

ఇంకో సంగతి. ఓబీడీ పరికరం (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివేది) తగిలించి ఫోన్‌లో చూస్తే, గట్టిగా తొక్కినప్పుడు ప్రెషర్ 2 బార్ దాటుతోంది. కంపెనీ టర్బో అంత బూస్ట్, అంటే అదనపు గాలి ఒత్తిడి, ఇస్తుందా? పాత ఓనరు ట్యూనింగ్ చేయించాడా, లేక ఇంకా పవర్ ఎక్కువుండే గోల్ఫ్ ఆర్ టర్బో తెచ్చి బిగించాడా అని టెన్షన్‌గా ఉంది. తెలుసుకునే దారి ఉందా?

జవాబు:

ముందు ఆ 2 బార్ సంగతి తేల్చేద్దామండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి అదే అంకె చూడండి. ఇంచుమించు 1 బార్ చూపిస్తుంది. ఎత్తైన ఊళ్లో అయితే కాస్త తక్కువ. అది టర్బోది కాదు, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి. చాలా యాప్‌లు మానిఫోల్డ్ ప్రెషర్‌ని, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని, శూన్యం నుంచి లెక్కేసి చూపిస్తాయి. కాబట్టి 2.1 చూపిస్తే టర్బో అదనంగా ఇస్తున్నది 1.1 మాత్రమే. మీ ఇంజిన్‌కి అది మామూలే.

టర్బో మార్చారా అన్నది కళ్లతోనే చూడొచ్చు. జీటీఐకి వచ్చేది ఐఎస్20, ఆర్‌కి వచ్చేది ఐఎస్38. రెండూ ఐహెచ్ఐ కంపెనీ తయారీలే, బయటినుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. కంప్రెసర్ హౌసింగ్ మీద 06కె 145తో మొదలయ్యే పార్ట్ నంబరు ఉంటుంది. ఇంజిన్ చల్లారాక ఫోన్ కెమెరా ఆ సందులోకి పెట్టి ఫోటో తీసి, పార్ట్స్ కేటలాగ్‌లో మీ మోడల్ నంబరుతో సరిచూసుకోండి. ఐఎస్38 చక్రం పెద్దది, తిరగడం అందుకోవడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది. కంపెనీ లెక్కల్లోనూ ఆ తేడా కనిపిస్తుంది: 220 పీఎస్ జీటీఐకి 350 న్యూటన్ మీటర్ల టార్క్ 1500 ఆర్‌పీఎం నుంచే దొరుకుతుంది, 300 పీఎస్ ఆర్‌కి 380 దొరకాలంటే 1800 దాకా రావాలి. మీ బండి కింది ఆర్‌పీఎంలోనే చురుగ్గా లాగుతుంటే చిన్న టర్బో ఉన్నట్టే. సాఫ్ట్‌వేర్ ట్యూనింగ్ మాత్రం కంటికి కనిపించదు. ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో) ఉన్నది కంపెనీ ఒరిజినలేనా అని సర్వీస్ వాళ్లు తమ పరికరంతో చూసి చెప్పాలి.

ఇక ఆయిల్. గ్రేడ్‌లో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో, వెనకున్నది వేడిలో చిక్కదనం చెబుతుంది; అంకె పెద్దదైతే ఆయిల్ చిక్కన. ఆ ఇద్దరూ చెప్పినవాటిలో మీ బండికి సరిపోయేది ఒక్కటీ లేదు.

రేసింగ్ ఆయిల్ అన్న ఆ 10డబ్ల్యూ-60ని ఎలాంటి ఇంజిన్లకి చెప్పారో చూస్తే నవ్వొస్తుంది. బీఎండబ్ల్యూ ఎం3లో ఎస్54, ఎస్65 అనే ఇంజిన్లు ఉండేవి. 8000 ఆర్‌పీఎం దాకా వెళ్లే ఇంజిన్లు. వాటికి కంపెనీయే 10డబ్ల్యూ-60 చెప్పింది. ఆ రెండిట్లో దేనికీ టర్బో లేదు! ఆ తర్వాత టర్బోతో వచ్చిన ఎం3కి అదే కంపెనీ ఆ ఆయిల్ చెప్పలేదు.

టర్బో లోపల జరిగేది చూస్తే ఎందుకో అర్థమవుతుంది. షాఫ్ట్‌కి ఒక చివర ఎగ్జాస్ట్ మంటల్లో తిరిగే టర్బైన్, మరో చివర గాలిని తోసే కంప్రెసర్. ఇంత చిన్న టర్బోల్లో వేగం నిమిషానికి 2 లక్షల చుట్లు దాటగలదు. మామూలు టర్బోలో ఆ షాఫ్ట్‌ని మోసేది బాల్ బేరింగ్ కూడా కాదు, ఇత్తడి రంగు బుష్‌లో పలచటి ఆయిల్ పొర. సన్నటి పైపులోంచి ఆయిల్ ప్రెషర్‌తో వస్తుంది, బేరింగ్ దాటాక లావుపాటి పైపులోంచి తన బరువుతోనే కిందికి సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) జారిపోతుంది. అందుకే టర్బోకి మూడు కావాలి: స్టార్ట్ చేయగానే ఆయిల్ చేరాలి, వేడిలో ఆ పొర తెగకూడదు, పోయిన ఆయిల్ అడ్డం లేకుండా కిందికి దిగాలి. అతి చిక్కటి ఆయిల్ మొదటిదాన్ని చెడగొడుతుంది. అతి పలచటిది, ఇంజిన్ దానికోసం తయారుకాకపోతే, రెండోదాన్ని చెడగొడుతుంది.

ఆయిల్ ఎంత వేడిని తట్టుకుంటుందో గ్రేడ్ చివరి 30, 40 అనే అంకెలు సగమే చెబుతాయి. అసలు చూడాల్సింది హెచ్‌టీహెచ్ఎస్ అనే కొలత. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్‌లో నలిగినట్టు నలిపి, అప్పుడు ఎంత చిక్కదనం మిగిలిందో కొలుస్తారు. గ్రేడ్లు నిర్ణయించే ఎస్ఏఈ సంస్థ లెక్క ప్రకారం 30 గ్రేడ్ ఆయిల్‌కి కనీసం 2.9 ఉంటే చాలు, 5డబ్ల్యూ-40కి 3.5 ఉండాలి. కానీ వోక్స్‌వ్యాగన్ ఆయిళ్లను పరీక్షించి 502 00, 504 00 లాంటి నంబర్లతో అప్రూవల్ ఇస్తుంది. 504 00 కావాలంటే 30 గ్రేడ్ ఆయిల్‌కి కూడా 3.5 ఉండి తీరాలి. అంటే 504 00 ఉన్న 5డబ్ల్యూ-30, 502 00 ఉన్న 5డబ్ల్యూ-40, ఈ రెండూ వేడిలో ఒకే గీత దాటాల్సినవే. "30 పలచన, 40 గట్టి" అని గ్రేడ్ పట్టుకుని కొట్టుకోవడం అనవసరం.

కాబట్టి డబ్బా ముందువైపు అంకె వదిలేయండి. వెనక్కి తిప్పి 502 00 గానీ 504 00 గానీ ఉందేమో చూడండి, మీ మాన్యువల్‌తో సరిపోల్చుకోండి. ఎగ్జాస్ట్‌లో పార్టికులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టేది) ఉన్న బండికి మాత్రం 504 00నే. అందులో బూడిద తక్కువ.

అడిగినవారు:

చాలా థాంక్స్ అండీ. మీరన్నట్టే ఇగ్నిషన్ ఆన్ చేసి చూశాను, 1కి కొంచెం తక్కువ చూపించింది. మనసు కుదుటపడింది. ఇంకో డౌట్: దొరికిన డబ్బాల్లో ఒకదాని మీద "అప్రూవ్డ్" అని ఉంది, ఇంకోదాని మీద "సూటబుల్ ఫర్" అని ఉంది. రెండూ ఒకటేనా? ఇంకోటి, టర్బో బండిని ఆపేముందు కాసేపు ఐడిల్‌లో ఉంచాలంటారు, నిజమేనా?

జవాబు:

ఒకటి కాదండి. అప్రూవ్డ్ అంటే కారు కంపెనీ పరీక్షించి ఒప్పుకున్నది. సూటబుల్ ఫర్, మీట్స్, రికమెండెడ్ ఫర్ అని రాస్తే అది ఆయిల్ తయారు చేసినవాళ్ల సొంత మాట. బాగానే ఉండొచ్చు, కానీ వారంటీ గొడవ వస్తే చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ఐడిల్ మాట పాత టర్బోల నాటిది. వాటిలో చాలావాటికి చల్లదనం ఆయిల్‌తోనే. వేడి మీద టక్కున ఆపేస్తే లోపల నిలిచిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడి దారి మూసేసేది. మీ టర్బో చుట్టూ కూలెంట్ తిరుగుతుంది, ఇంజిన్ ఆపాక కూడా ఎలక్ట్రిక్ పంపు కాసేపు దాన్ని తిప్పుతుంది. బానెట్ కింద సన్నగా హోరు వినిపిస్తే కంగారు పడకండి, అదే. ఊళ్లో తిరిగి ఇంటికొస్తే వెంటనే ఆపేయొచ్చు. ఘాట్ ఎక్కి, లేదా హైవే మీద బాగా తొక్కి వస్తే చివరి ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. నిలబెట్టి ఐడిల్ చేయడం కంటే అది మేలు.

దానికంటే ముఖ్యం స్టార్ట్ చేసిన తర్వాత. కూలెంట్ ముల్లు 90 దగ్గరికి వచ్చేసరికి అంతా వేడెక్కిందని అనుకుంటారు. ఆయిల్ ఇంకా వెనకబడే ఉంటుంది. మీ డిస్‌ప్లేలో ఆయిల్ టెంపరేచర్ పేజీ తెరవండి, 50 డిగ్రీలు దాటేదాకా అంకె బదులు గీతలే కనిపిస్తాయి. నేనైతే 80 చూశాకే పూర్తిగా తొక్కుతాను.

మరొకరి జవాబు:

పై మాటలన్నీ సరే, ఒక్కటి కలుపుతాను. ట్రాక్ మీదికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే 502 00 ఉన్న 5డబ్ల్యూ-40 పోసి, మామూలు గడువు దాకా ఆగకుండా ముందే మార్చేయండి. ఆయిల్ 120 డిగ్రీలు దాటి తిరిగే చోట నేను నమ్మేది తాజా ఆయిల్‌ని, ఎక్కువ గ్రేడ్‌ని కాదు. చిన్న చిన్న ట్రిప్పులే ఎక్కువైనా అదే మాట. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో చల్లగా ఉన్నప్పుడు కొంత పెట్రోల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లో కలుస్తుంది, దాంతో ఆయిల్ పలచబడుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకుండా పెరుగుతుంటే, వాసన చూస్తే పెట్రోల్ ఘాటు తగులుతుంటే, గడువుతో పని లేకుండా మార్చండి.

టాప్ గేర్‌లో 1500 దగ్గర ఉండి ఒక్కసారిగా పెడల్ పూర్తిగా తొక్కకండి. కింది ఆర్‌పీఎంలో ఎక్కువ బూస్ట్ ఉంటే ప్లగ్ మెరవకముందే ఇంధనం అంటుకునే ప్రమాదం ఉంది. ఎల్ఎస్‌పీఐ అంటారు, పిస్టన్ పగిలేదాకా పోవచ్చు. ఆయిల్‌లో కాల్షియం ఎక్కువైతే ఇది పెరుగుతుందని తేలాకే 2018లో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. అప్రూవల్‌తో పాటు ఎస్‌పీ కూడా ఉంటే మంచిదే. గేర్ తగ్గించి తొక్కడం అంతకంటే మంచిది.

అడిగినవారు:

504 00 అప్రూవ్డ్ 5డబ్ల్యూ-30 తీసుకున్నాను. చివరిగా ఒకటి. పాత ఓనరు డిక్కీలో సగం డబ్బా ఆయిల్ వదిలేశాడు. లేబుల్ చిరిగిపోయింది, ఆయిల్ ఆకుపచ్చగా ఉంది. టాప్ అప్‌కి పనికొస్తుందా?

జవాబు:

పోయకండి. ఆకుపచ్చ రంగు చూస్తే అది వోక్స్‌వ్యాగన్‌దే మరో అప్రూవల్ అయిన 508 00 ఆయిల్ కావచ్చు, వేరే ఆయిల్‌తో కలిసిపోకుండా గుర్తుపట్టడానికి రంగు కలుపుతారు. అది 0డబ్ల్యూ-20, హెచ్‌టీహెచ్ఎస్ 2.6 ఉన్నా చాలు, దానికోసమే తయారైన ఇంజిన్లకు మాత్రమే. మీకు సలహా ఇచ్చిన రెండో ఆయన 0డబ్ల్యూ-20 అన్నది అలాంటి ఇంజిన్లను చూసే అయ్యుంటుంది. హోండా, టొయోటా టర్బోలు కొన్ని దానితో నిక్షేపంగా నడుస్తాయి, వాటి ఆయిల్ పంపు, బేరింగ్ సందులు ఆ ఆయిల్‌కి తగ్గట్టే ఉంటాయి. మీది ఆ కోవ కాదు. పైగా లేబుల్ లేని డబ్బాలో ఏముందో ఎవరు చెప్పగలరు? పాత ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి. ఇప్పుడు కొన్నదాంట్లోనే ఒక లీటరు విడిగా ఉంచుకోండి, బండిని చదునైన చోట ఆపి, కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూసి, తగ్గితే అది పోయండి.