మొదటి సెమిస్టర్ కోర్సులు: సీఎస్ చదివేవాడికి ఫిలాసఫీ ఎందుకు?

కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ బ్యాచిలర్స్‌లో చేరాను, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద. వచ్చి పది రోజులైంది. ప్రోగ్రామింగ్ ఒకటి, కాలిక్యులస్ ఒకటి తీసుకుని మిగతావి జెన్ ఎడ్‌లోంచి, అంటే ఏ డిగ్రీ వాళ్ళైనా చేయాల్సిన జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల్లోంచి, ఎంచుకోమన్నారు అడ్వైజర్. ఆ జాబితా తెరిస్తే ఫిలాసఫీ, ఆర్ట్ హిస్టరీ, ఆంత్రొపాలజీ, థియేటర్, ఆస్ట్రానమీ... ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంటర్లో ఎంపీసీ తప్ప ఇంకోటి చదివినవాణ్ణి కాదు. వీటిని తప్పించుకునే దారి ఉందా? లేకపోతే తేలిగ్గా ‘ఎ’ వచ్చేవి చెప్పండి. శుక్రవారం రిజిస్ట్రేషన్. చాలా టెన్షన్‌గా ఉంది.

పాత సభ్యురాలు:

తమ్ముడూ, తప్పించుకునే దారి లేదు. అడగడంలో తప్పూ లేదు, నేనూ అడిగాను.

ఇక్కడ డిగ్రీ అంటే మామూలుగా 120 క్రెడిట్లు. కోర్సుకి మూడు చొప్పున వేసుకుంటే నలభై కోర్సులు. అన్నీ మేజర్‌వే, అంటే నీ ప్రధాన సబ్జెక్టువే, చేయనివ్వరు. ఇది మీ యూనివర్సిటీ ఒక్కదాని చాదస్తం కాదు. కొలంబియాలో 1919లో మొదలుపెట్టిన కోర్ కోర్సు ఇప్పటికీ నడుస్తోంది. ఎంఐటీలో ఎంత ఇంజినీరైనా హ్యుమానిటీస్, ఆర్ట్స్, సోషల్ సైన్సెస్‌లో ఎనిమిది సబ్జెక్టులు చేయాల్సిందే. బ్రౌన్‌లో మాత్రం 1969 నుంచి ఈ కోటా గొడవ లేదు. నువ్వు చేరింది అక్కడ కాదుగా!

ఇక ‘తేలిగ్గా ఎ’ సంగతి. పరీక్ష లేదు, రెండు పేపర్లు రాస్తే చాలని సీనియర్లు చెబితే ఫిలాసఫీలో ఎథిక్స్ (నీతిశాస్త్రం) తీసుకున్నాను. మొదటి పేపర్లో కాంట్ ఏమన్నాడు, మిల్ ఏమన్నాడు అని ఆ తత్వవేత్తల మాటలే ఐదు పేజీలు ముచ్చటగా రాసిచ్చాను. సి మైనస్ వచ్చింది. పక్కన ఒకే వాక్యం: వాళ్ళేమన్నారో నాకు తెలుసు, నువ్వేమంటావు?

ఏడుపొక్కటే తక్కువ. ప్రొఫెసర్ విద్యార్థుల్ని కలిసే వేళల్లో, అదే ఆఫీస్ అవర్స్‌కి, వెళ్ళాను. ఆయన కోప్పడలేదు. “ప్రాణం కాపాడటానికైనా అబద్ధం ఆడకూడదంటాడు కాంట్. నీకు అందులో ఎక్కడ గుచ్చుకుంటోంది? అదొక్కటే ఒక పేరాలో రాసి తీసుకురా” అన్నారు. ఆ పేరాకి రెండు గంటలు పట్టింది. పదిహేనేళ్ళ చదువులో ‘నేను ఒప్పుకోను, ఎందుకంటే’ అని రాసిన మొదటి పేరా అదే. రెండో పేపర్‌కి బి ప్లస్ వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో డిజైన్ డాక్యుమెంట్ రాసేటప్పుడు నాకు అక్కరకొస్తున్నది ఆ పేరానే.

కాబట్టి కోర్సు పేరు చూసి మోసపోకు, సిలబస్ తెరిచి చూడు. వారానికి ఎన్ని పేజీల చదువు, ఎన్ని పేపర్లు, మొదటి గ్రేడు ఎప్పుడొస్తుంది అన్నవి చూసుకో. మొదటి గ్రేడు మిడ్‌టర్మ్ దాకా రాకపోతే మునుగుతున్నావో తేలుతున్నావో నీకు తెలియదు. రాతపని ఎక్కువున్నవి రెండు ఒకే సెమిస్టర్లో పెట్టుకోకు. ఎక్కడినుంచైనా ఒక వాక్యం తీసుకుంటే ఎవరిదో చెప్పి తీరాలి, లేకపోతే కాపీ కింద లెక్క. దీంట్లో మనవాళ్ళు తెలియక ఇరుక్కుంటారు.

సైన్స్ కోటా కోసం ఆస్ట్రానమీ తీసుకోబోతున్నావేమో, ఆగు. మీ సీఎస్ డిగ్రీలోనే ఫిజిక్స్ ఉంటే దానితోనే ఆ కోటా తీరిపోవచ్చు. అడ్వైజర్‌ని అడుగు. సింబాలిక్ లాజిక్ (గుర్తులతో చేసే తర్కం) ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్‌ వాళ్ళే చెప్పినా, కొన్నిచోట్ల హ్యుమానిటీస్ కింద రాదు, లెక్కల కోటాలోకి పోతుంది. కోర్సు పక్కనున్న కోడ్ చూసుకోకుండా క్లిక్ చేయకు.

నన్నడిగితే లింగ్విస్టిక్స్, అదే భాషాశాస్త్రం, తీసుకో. నేనూ చేశాను. రెండో వారంలో ప్రొఫెసర్ గారు, మీ భాషలో ఒక్క శబ్దం మారితే అర్థం మారిపోయే జంట ఒకటి చెప్పమన్నారు. “పాట, పాత” అన్నాను. రెండూ ఒకటేగా అని క్లాసంతా నా మొహం చూశారు. ఆవిడ నాచేత మళ్ళీ మళ్ళీ పలికించి, బోర్డు మీద నోటి బొమ్మ గీసి, ‘త’కి నాలుక పళ్ళకి ఆనుతోంది, ‘ట’కి మడతపడి పైకి పోతోంది అని చూపించారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేస్తున్న పనే, ఆ రోజు దాకా గమనించనేలేదు. పైగా రేపు కంపైలర్ల క్లాసులో వచ్చే కాంటెక్స్ట్ ఫ్రీ గ్రామర్లు (వాక్యం ఎలా కట్టాలో చెప్పే నియమాలు) 1950ల్లో చామ్‌స్కీ పెట్టినవే. ఆయన భాషాశాస్త్రవేత్త. ఎక్కడికక్కడ గోడలున్నాయనుకుంటాం గానీ, అంత గట్టివేం కావు.

మరో సభ్యుడు:

అక్క చెప్పినదానికి వీసా సంగతి ఒకటి కలుపుతున్నాను. అండర్‌గ్రాడ్ ఎఫ్-1 వాళ్ళకి సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. ఆ లెక్కలో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటి మాత్రమే, మూడు క్రెడిట్ల వరకే చెల్లుతుంది. సరిగ్గా 12తో మొదలుపెట్టి, మధ్యలో ఒకటి కష్టంగా ఉందని డ్రాప్ కొడితే వీసా స్టేటస్‌కే ఎసరు. 15తో మొదలుపెడితే ఒకటి వదిలేసినా ఫరవాలేదు. అదీ కుదరకపోతే, డ్రాప్ చేయకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓని, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని, కలవండి. ఇక్కడి బోధన పద్ధతి అలవాటు కాక మొదట్లో ఇబ్బంది పడేవాళ్ళకి లోడ్ తగ్గించే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. తర్వాత వెళితే మాత్రం వాళ్ళు చేయగలిగింది పెద్దగా ఉండదు. డ్రాప్ చేసి చెబుదామనుకున్న నా రూమ్మేట్ పడిన అవస్థ చూసి చెబుతున్నాను.

కొత్త సభ్యుడు:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఫిజిక్స్ మా డిగ్రీలోనే ఉందట, వచ్చే సెమిస్టర్‌కి పెట్టుకోమన్నారు. ప్రోగ్రామింగ్, కాలిక్యులస్, ఇంగ్లిష్ కంపోజిషన్, ఆర్ట్ హిస్టరీ తీసుకున్నాను. లింగ్విస్టిక్స్‌కి వెయిట్‌లిస్ట్‌లో ఏడో నంబర్. ఇంకో సందేహం. ఫారిన్ లాంగ్వేజ్ కోటా కూడా ఉంది. మన తెలుగు చెల్లుతుందా?

పాత సభ్యురాలు:

కొన్నిచోట్ల చెల్లుతుంది. మాతృభాష ఇంగ్లిష్ కానివాళ్ళకి ఆ కోటా మాఫీ చేసే యూనివర్సిటీలున్నాయి, పరీక్ష పెట్టి తేల్చేవీ ఉన్నాయి. అడ్వైజర్‌కి మెయిల్ పెట్టి, జవాబు దాచుకో. తెలుగునే కోర్సుగా చెప్పే చోట్లూ ఉన్నాయిక్కడ. విస్కాన్సిన్ మాడిసన్‌లో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు చెప్పారు.

కంపోజిషన్, ఆర్ట్ హిస్టరీ రెండూ రాతపనే కదా, సిలబస్‌లో పేపర్ల తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకో. ఒకే వారంలో పడితే, లింగ్విస్టిక్స్ సీటు వచ్చాక ఆర్ట్ హిస్టరీ వదిలేయ్, 12 క్రెడిట్ల కిందికి మాత్రం దిగకు. ఏడో నంబర్‌కి దిగులు వద్దు. మొదటి వారంలో చాలామంది కోర్సులు మార్చుకుంటారు. సీటు రాలేదని ఇంట్లో కూర్చోకుండా, ప్రొఫెసర్‌కి ముందు ఒక మెయిల్ పెట్టి మొదటి క్లాసుకి వెళ్ళు. సీటు ఖాళీ అయ్యాక వెళితే మొదటి హోంవర్క్ అప్పటికే పోయి ఉంటుంది.