ముంపు ఫోటోల్లో తేదీ, లొకేషన్ ఉంచాలా, తీసేయాలా?

ప్రాణహిత గట్టు (సిరొంచ):
2022 జులై వరదలో నడుం లోతు నీళ్లలో నిలబడి మా పత్తి చేను ఫోటోలు 8 తీశాను. తమ్ముడికి వాట్సాప్‌లో పంపి, ఫోన్ నిండిందని నావి తుడిచేశాను. తర్వాత ఒక ఆఫీసులో ఒకాయన వాటిని తిప్పి తిప్పి చూసి, "ఇవి ఏ ఏడాది నీళ్లు?" అన్నాడు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో తీసిన తేదీ, లొకేషన్ ఉండవు. డాక్యుమెంటుగా పంపితేనే ఉంటాయట, ఆ సంగతి అప్పుడెవరికి తెలుసు! ఇప్పుడు ఊరి ఫోటోలన్నీ డ్రైవ్‌లో పెడుతూ మెటాడేటా (ఫోటో ఫైలులో దాగి ఉండే తేదీ, లొకేషన్ లాంటి వివరాలు) తీసేద్దామంటున్నారు. నేను ఒప్పుకోను. తేదీ లేని ఫోటో, సాత్‌బారా (మహారాష్ట్రలో భూమి రికార్డు కాగితం) లేని పొలం ఒకటే.

అహేరి అక్క:
తీసేద్దామన్నది నేనే తమ్ముడూ. సగం ఫోటోలు ఇంటి అరుగు మీంచి తీసినవి. లొకేషన్‌లో దశాంశం తర్వాత నాలుగో అంకె దాకా ఉంటే 11 మీటర్ల లెక్క, ఇల్లు దొరికినట్టే. ఆ లింకు ఎవరి చేతిలో పడుతుందో? మన గడ్చిరోలి జిల్లా సంగతి నీకు చెప్పాలా!

నల్లకోటు (నాందేడ్):
అక్క భయం నిజమే. కానీ చెరిపింది తిరిగి రాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) ప్రకారం, డిజిటల్ సాక్ష్యంతో కోర్టుకిచ్చే 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి. మెటాడేటా తీస్తే హ్యాష్ మారిపోతుంది. అలాగని మెటాడేటా దేవుడి వాక్కేం కాదు. ఫోన్‌లో టైం తప్పుంటే తప్పే రాస్తుంది, కావాలని మార్చే యాప్‌లూ ఉన్నాయి.

ప్రాణహిత గట్టు:
మరి నా ఎనిమిదింటి గతేంటి వకీల్ సాబ్?

నల్లకోటు:
తమ్ముడి ఫోన్‌లో ఫైలు పేరు చూడండి.

ప్రాణహిత గట్టు:
ఐఎంజి-20220714-డబ్ల్యూఏ0007. అరే, ఏడాది ఇక్కడే ఉంది!

నల్లకోటు:
అది తీసిన రోజు కాదు, ఫోన్‌కి చేరిన రోజు. పైగా పేరు ఎవరైనా మార్చొచ్చు. అందుకే ఆ చాట్ మాత్రం తుడవనివ్వకండి.

అహేరి అక్క:
సరే, ఒరిజినల్స్ ముట్టుకోకుండా మెమరీ కార్డులో ఉంచుదాం. డ్రైవ్‌లో పెట్టేవాటికి తేదీ ఉంచి, లొకేషన్ రెండో అంకెకి కుదిద్దాం. కిలోమీటరు తేడా వస్తుంది, ఊరు తెలుస్తుంది, ఇల్లు తెలియదు.

ప్రాణహిత గట్టు:
కిలోమీటరంటే మా చేనూ మా బావ చేనూ ఒకటైపోతాయి కదక్కా.

అహేరి అక్క:
ఎవరి చేనో తేల్చేది పంచనామాలో, డ్రైవ్‌లో కాదు.

ప్రాణహిత గట్టు:
ఒప్పుకున్నా. కానీ కార్డు మా ఇంట్లో వద్దు, మాది గట్టు పక్కనే.