ఆట మాన్పించాలా? స్టడీ అవర్లు, ప్రాక్టీసు రెండూ కుదరట్లేదు. టైమ్‌టేబుల్ ఉంటే పెట్టండి

కొబ్బరితోట · రాత్రి 11:20
నమస్తే అండి. మా అమ్మాయి మంచి ప్లేయర్. ఈ ఏడు స్టేట్ ఆడి వచ్చింది. ఇప్పుడు బళ్ళో స్టడీ అవర్లు మొదలెట్టారు, సాయంత్రం ఉండాల్సిందే అంటున్నారు. కోచ్ ఏమో సాయంత్రం ప్రాక్టీసుకు రాకపోతే జట్టులో చోటు గ్యారంటీ లేదంటున్నాడు. మధ్యలో నేను నలిగిపోతున్నా. మార్కులు చూస్తే భయమేస్తోంది. ఎనిమిదింటి నుంచి స్కేలు, కాగితం పట్టుకుని టైమ్‌టేబుల్ గీస్తూనే ఉన్నాను. ఎటు గీసినా రోజుకు రెండు గంటలు తక్కువొస్తున్నాయి. వాళ్ళమ్మ ఆట మాన్పించెయ్యమంటోంది. పిల్ల రాత్రి అన్నం మానేసింది. మీలో ఎవరి పిల్లలకైనా మంచి టైమ్‌టేబుల్ ఉంటే ఫోటో తీసి పెట్టండి, రేపటి నుంచే మొదలెడతాం.

ముక్కుసూటి · 11:26
ఏ క్లాసు? ఏ బోర్డు? ఏ ఆట? ఏ సబ్జెక్టులో తక్కువ?

గట్టుమీద · 11:31
అన్నా, ఆట మాత్రం ఆపొద్దు. మన అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్‌ని చూడండి. చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్, ఆపైన ఖేల్‌రత్న. వాళ్ళ నాన్నగారు మార్కులు చూసి భయపడి ఉంటే ఇవన్నీ వచ్చేవా?

ముక్కుసూటి · 11:34
వాళ్ళ నాన్నగారు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసినవారు. ఆ ఇంటి సంగతి వేరు, ఈ ఇంటి సంగతి వేరు. నేనడిగినవి అలాగే ఉన్నాయి.

హైదరాబాద్‌లో కోనసీమ · 11:52
ఇది అసలు సమస్యే కాదండి, అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. హాజరు 75 శాతం ఉండాలి కానీ, గుర్తింపు ఉన్న పోటీలకు వెళ్తే మిగతా దానికి మినహాయింపు దొరుకుతుంది. బోర్డు పరీక్ష రోజునే నేషనల్స్ పడితే వేరే తేదీన పరీక్ష రాయనిస్తారు కూడా. బడి ద్వారా ముందే అర్జీ వెళ్ళాలి, స్పోర్ట్స్ అథారిటీ నుంచి లెటర్ ఉండాలి. మా పక్క ఫ్లాట్ వాళ్ళ బాబు షూటింగ్ చేస్తాడు, అతనికి ఇలాగే జరిగింది. ప్రిన్సిపాల్‌ని గట్టిగా అడగండి. రూల్ చూపిస్తే ఎవరూ కాదనలేరు.

ముక్కుసూటి · 11:55
అది సీబీఎస్ఈ రూలు. వీళ్ళది సీబీఎస్ఈ అని ఎవరు చెప్పారు?

హైదరాబాద్‌లో కోనసీమ · 11:58
కాదని మాత్రం ఎవరు చెప్పారండీ?

పాత పీడీ · ఉదయం 5:10
ముప్పై ఏళ్ళకు పైగా గ్రౌండులో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ‘స్టేట్ ఆడింది’ అంటే ఏ స్టేట్ బాబూ? స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ వాళ్ళదా, అసోసియేషన్ వాళ్ళదా? తల్లిదండ్రులంతా రెండూ ఒకటే అనుకుంటారు. స్కూల్ గేమ్స్ బడి పేరు మీద ఆడేవి, అండర్-14, 17, 19 అని ఉంటాయి. అసోసియేషన్‌వి సబ్‌జూనియర్, జూనియర్ అని ఉంటాయి. రేపు సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకి వెళ్తే స్కూల్ నేషనల్స్ సర్టిఫికెట్ ఫారం 4లో, ఫెడరేషన్ నేషనల్స్‌ది ఫారం 2లో ఉండాలి. ఆడిన నాడే సరిచూసుకోకుండా, పదేళ్ళ తర్వాత లామినేషన్ చేయించిన కాగితం పట్టుకుని సంతకాల కోసం తిరిగినవాళ్ళను చాలామందిని చూశాను. మన రాష్ట్రంలో ఉద్యోగాల కోటా 2 నుంచి 3 శాతానికి పెంచారు, మంచిదే. కానీ కాగితం సరిగ్గా లేకపోతే మూడైనా ముప్పై అయినా ఒకటే.

ముక్కుసూటి · 5:48
మాస్టారూ, ఆయన అడిగింది ఉద్యోగం గురించి కాదు.

కొబ్బరితోట · 6:05
అందరికీ ధన్యవాదాలు. స్టేట్ సిలబస్సేనండి, జెడ్పీ హైస్కూలు. పదో తరగతి. పది కాబట్టే కదా ఇంత గొడవ! ఆట కబడ్డీ, కూతకు బాగా వెళ్తుంది. ఆడింది స్కూల్ గేమ్స్ స్టేటే, అండర్-17. మిగతా సబ్జెక్టులు ఫర్వాలేదు, యాభైలు అరవైలు వస్తాయి. లెక్కల్లో మొదటి సమ్మేటివ్ పరీక్ష ఎస్ఏ-1కి వందకి 19. స్టడీ అవర్ 4 నుంచి 5:30. ప్రాక్టీసు 5:30 నుంచి 7:30. టైమ్‌టేబుల్ ఎవరూ పెట్టలేదు.

గట్టుమీద · 6:20
మరి క్లాష్ ఎక్కడుందన్నా? స్టడీ అవర్ అయ్యాకే కదా ప్రాక్టీసు?

ఏఎన్ఎం అక్క · 6:41
పిల్ల అన్నం మానేసింది అన్నారు. అలిగి మానేసిందా, పోటీ ముందు బరువు తూకం వేస్తారని మానేసిందా? కబడ్డీ ఆడే పిల్లల్ని చూస్తుంటాను కాబట్టి అడుగుతున్నా. తూకం దగ్గర పడుతోందంటే రాత్రిళ్ళు మజ్జిగ తాగి పడుకుంటారు. పొద్దున్న క్లాసులో కళ్ళు తెరిచే ఉంటాయి, పాఠం మాత్రం ఎక్కదు. ఒకసారి పీహెచ్‌సీకి తీసుకెళ్ళి రక్తం చూపించండి. హిమోగ్లోబిన్ 12 లోపు ఉంటే రక్తహీనతే. అలాంటి పిల్లకు ఏ టైమ్‌టేబుల్ వేసినా పుస్తకం మీదే నిద్రపోతుంది, మనమేమో బద్ధకం అంటాం. బళ్ళో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగుతోందా, కిటికీలోంచి విసిరేస్తోందా కనుక్కోండి. చాలామంది చేసేది ఆ రెండోదే. మాత్ర తిన్నాక వేసుకోవాలి. వెంటనే టీ తాగకూడదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు వదలొద్దని చెప్పండి. నిద్ర ఈ వయసుకి ఎనిమిది గంటలు తగ్గకూడదు, పది వరకూ పోయినా తప్పు లేదు.

కొబ్బరితోట · 6:58
అలకే అనుకున్నాం మేడం. మొన్నటి నుంచి చపాతీ ఒక్కటే తింటోంది. అడిగితే ‘కోచ్ చెప్పాడు’ అంది.

ఏఎన్ఎం అక్క · 7:02
చూశారా మరి.

లెక్కల మాస్టారు · 7:30
స్కూలుకి బయల్దేరేలోపు నాకు తెలిసింది రాస్తాను.

స్టడీ అవర్ అంటే పిల్లలు కూర్చుని చదువుకునే గంట. అందులో ఎవరూ మొదటి నుంచి పాఠం చెప్పరు. మీ అమ్మాయి సెలక్షన్లు, క్యాంపు, పోటీలు అంటూ సెప్టెంబరు, అక్టోబరుల్లో బడికి సరిగ్గా వచ్చి ఉండదు. మా బళ్ళో ఆ రోజుల్లో త్రిభుజాలు నడిచాయి, మీ దగ్గరా ఇంచుమించు అదే అయ్యుంటుంది. సరూప త్రిభుజాలు వినని పిల్లకి సైను, కాసు అంటే కంఠతా పట్టే అక్షరాలే. త్రికోణమితి అర్థం కాకపోతే ఎత్తులు-దూరాల లెక్కలు అసలే రావు. అంటే ఒక పాఠం పోతే మూడు పాఠాలు పోయినట్టు. 19 వచ్చిందంటే తెలివి లేక కాదు, వినలేదు కనుక. వినని పాఠం స్టడీ అవర్‌లో ఎన్ని గంటలు కూర్చున్నా రాదు.

ముందు ఆమె లెక్కల నోట్సు తెరవండి. ఖాళీ పేజీలు ఎటూ తెలుస్తాయి. నిండుగా ఉన్న పేజీల్ని కూడా నమ్మొద్దు. పోటీల నుంచి వచ్చాక పిల్లలు పక్కవాళ్ళ నోట్సు చూసి ఎక్కించేస్తారు. ఆ పేజీలు చూడగానే గుర్తుపట్టొచ్చు: కొట్టివేత ఒక్కటి కూడా ఉండదు, మార్జిన్‌లో గుణకారాలు ఉండవు, రాత మొదటి వరస నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది. సొంతంగా చేసిన లెక్క అంత శుభ్రంగా ఉండదు. అలాంటి పేజీలకి మడత పెట్టి ఆ పాఠాల పేర్లు ఒక చీటీ మీద రాయండి. నాలుగైదుకు మించవు. ఆ చీటీ పట్టుకుని లెక్కల టీచర్‌ని కలవండి. ‘మా అమ్మాయిని కాస్త చూసుకోండి’ అంటే ఏ టీచరైనా తలూపుతాడు. ‘సరూప త్రిభుజాలు, నిరూపక జ్యామితి, ఈ రెండూ చెప్పండి’ అంటే గంట కేటాయిస్తాడు.

పేపరు సంగతి. మొత్తం 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఒకటి, రెండు మార్కుల చిన్నవాటిలోనే 28 మార్కులు ఉన్నాయి. సాంఖ్యక శాస్త్రంలో సగటు, మధ్యగతం, బాహుళకం పట్టిక వేసి చేసేవి, వెనక పాఠాలేవీ అక్కర్లేదు. సంభావ్యత కూడా అంతే. ఈ నెల వీటితో మొదలుపెడితే ధైర్యం వస్తుంది. పక్కన త్రిభుజాలు మొదటి నుంచి నడిపించండి.

ఇంకొకటి. గ్రౌండు నుంచి వచ్చాక రాత్రి లెక్కలు పెట్టకండి. లెక్కలు పొద్దున, ముప్పావు గంట చాలు. రాత్రికి సోషల్, తెలుగు. చదివింది పుస్తకం మూసి రాయమనండి. చూస్తూ చదివితే అంతా వచ్చినట్టే ఉంటుంది, మూస్తేనే ఏది రాలేదో తెలుస్తుంది. రెండు మూడు రోజులాగి మళ్ళీ అదే రాయించండి.

హైదరాబాద్‌లో కోనసీమ · 8:15
స్టేట్ బోర్డు అని ముందే చెబితే నేను అంత టైప్ చేసేవాణ్ణే కాదు. ఒక మంచి ఆన్‌లైన్ యాప్ తీసుకోండి, చాలు.

ముక్కుసూటి · 8:19
ఆ రెండు గంటల లెక్క ఇంకా తేలలేదు. 5:30కి స్టడీ అవర్ అయిపోయి, 5:30కే ప్రాక్టీసు మొదలైతే నడుమ దూరమెంత? ఊరెక్కడ, గ్రౌండెక్కడ?

కొబ్బరితోట · మధ్యాహ్నం 1:10
ఊరు, బడి సఖినేటిపల్లి దగ్గర. గ్రౌండు నరసాపురంలో. మధ్యలో గోదావరి రేవు దాటాలి కదండీ. పంటు పడవ కోసం నించోవాలి, దాటాలి, మళ్ళీ రాత్రి అదే తంతు. రావడం పోవడం కలిపి గంటన్నర, రద్దీ ఉంటే రెండు గంటలు.

ముక్కుసూటి · 1:14
ఇది మొదటి వాక్యంలో ఉండాల్సిన మాట.

కొబ్బరితోట · 1:20
మా వైపు వాళ్ళందరం రోజూ దాటేదే, ప్రత్యేకంగా చెప్పాలనిపించలేదు.

గట్టుమీద · 1:33
ఆ రేవు మీద వంతెన వస్తుందని మా నాన్న చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఇలాంటి పిల్లలు ఎంతమంది ఇబ్బంది పడుతున్నారో! చించినాడ వంతెన మీదుగా బండి మీద తీసుకెళ్ళకూడదా అన్నా?

కొబ్బరితోట · 1:41
అంత చుట్టు తిరిగితే పెట్రోలు ఎవరు పోస్తారు తమ్ముడూ? పంటు మీదే నయం.

గట్టుమీద · 1:44
వరదొస్తే పంటు ఆపేస్తారు కదా, అప్పుడెలా మరి? అసలు ఎన్నికలప్పుడు…

ముక్కుసూటి · 1:45
వంతెనకి వేరే పోస్టు పెట్టుకోండి.

పాత పీడీ · 4:20
బాబూ, నాకొక అనుమానం. డిసెంబరు వచ్చింది. స్కూల్ గేమ్స్ స్టేట్ మీట్ అయిపోయిందని మీరే అన్నారు. అమ్మాయి నేషనల్స్‌కి సెలక్టయితే మీరు మొదటి పోస్టులోనే చెప్పేవారు. మరి ‘జట్టులో చోటు’ అంటున్నది ఏ జట్టు? సంక్రాంతి ప్రైజ్‌మనీ టోర్నమెంటు జట్టేనా?

కొబ్బరితోట · 4:52
అవునండి. పండక్కి నాలుగైదు చోట్ల ఉన్నాయట.

పాత పీడీ · 5:15
అదీ సంగతి. ఆ తూకమూ వాటికేనన్నమాట. ఆ సర్టిఫికెట్ ఏ కోటాకీ పనికిరాదు. రాత్రి పన్నెండింటి దాకా లైట్ల కింద ఆడిస్తారు. మట్టి కోర్టులు, మోకాలికి దెబ్బ తగిలితే పలికే నాథుడుండడు. పదో తరగతి పిల్లని దానికోసం రోజూ రేవు దాటించడమేమిటి? కోచ్‌తో మర్యాదగానే చెప్పండి: పరీక్షలయ్యేదాకా శని, ఆదివారాలే వస్తుంది, ఏప్రిల్ నుంచి రోజూ వస్తుంది అని. మిగతా రోజుల్లో ఊళ్ళోనే గట్టు మీద పరుగు, తాడాట, గుంజీలు, అరగంట చాలు. కాళ్ళలో బలం ఉంటే కూత ఎక్కడికీ పోదు. ఆట మాన్పించమని నేనెప్పుడూ చెప్పను. ఒక్కసారి మాన్పిస్తే ఆడపిల్లని మళ్ళీ గ్రౌండుకి పంపే ఇళ్ళు తక్కువ.

ఉప్పుటేరు · 6:30
ప్రైజ్‌మనీ టోర్నీలని అంత తీసిపారెయ్యకండి మాస్టారూ. మా ఊరి అమ్మాయిలకి మ్యాట్ షూస్ కొన్నది ఆ డబ్బుతోనే. బడి నుంచి రూపాయి రాలేదు. పెద్ద ప్లేయర్ల పక్కన ఆడే అవకాశం కూడా అక్కడే దొరుకుతుంది.

పాత పీడీ · 6:44
డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో కూడా చెప్పండి మరి.

ఉప్పుటేరు · 6:47
అందరు కోచ్‌లూ ఒకలా ఉండరు. మీరు మీ అనుభవం చెప్పండి, మేం మాది చెబుతాం.

గట్టుమీద · 6:50
ఫెయిలైనా సప్లిమెంటరీ ఉందిగా, ఏడాదేం పోదు. పండగ ఏడాదికోసారే వస్తుంది.

లెక్కల మాస్టారు · 7:25
ఉంది. మే, జూన్‌లలో రాసుకోవచ్చు. కానీ ట్రిపుల్ ఐటీలో చేరాలంటే పదో తరగతి మార్కులే లెక్క. అక్కడ స్పోర్ట్స్ కోటా కూడా ఉంది, ఈ అమ్మాయికి ఆ దారి ముందే మూసేయడం ఎందుకు? ఇంతకీ నోట్సు చూశారా?

కొబ్బరితోట · రాత్రి 9:40
చూశానండి. త్రిభుజాలు మొత్తం మీరన్నట్టే ఉంది, ఒక్క కొట్టివేత లేదు. నిరూపక జ్యామితి అసలు రాయనే లేదు. రేపు బడికి వెళ్తా. కోచ్‌తో మాట్లాడ్డం వాళ్ళమ్మ చూసుకుంటానంది. థాంక్సండి అందరికీ.

ఏఎన్ఎం అక్క · 9:46
రాత్రి అన్నం తిందా?

వశిష్ఠ_ఒడ్డు · మర్నాడు ఉదయం 10:05
మా వాడిదీ ఇదే సమస్య అండి. వాలీబాల్. ఏం చెయ్యమంటారు?

ముక్కుసూటి · 10:07
ఏ క్లాసు? ఏ బోర్డు? ఏ ఊరు? కొత్త పోస్టు పెట్టండి.