‘రన్’కి 645 అర్థాలా? నేను ఒప్పుకోను

లెక్కపక్కా: ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 ముద్రణలో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట ‘సెట్’, క్రియగా 430. తర్వాత ‘రన్’ని తిరగరాస్తే 645 తేలాయి, పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు పనిచేశారు. ఆయన శ్రమకు దండం. కానీ ఇవి అర్థాలు కావు, వాడుకలు. కుళాయి రన్ అయినా, బస్సు రన్ అయినా, కోడ్ రన్ అయినా లోపలున్నది ‘ఆగకుండా సాగడం’ ఒక్కటే.

గోదారి రాజు: ఎన్నికల్లో పోటీ చేయడానికి అమెరికాలో రన్ అంటారు, అదే పనికి బ్రిటన్‌లో స్టాండ్ అంటారు. మనమూ నిలబడ్డాడనే అంటాం. ఇందులో సాగడం ఎక్కడుందండీ?

సుబ్బు99: క్రికెట్ రన్ కూడా 645లోదేనా?

లెక్కపక్కా: కాదు తమ్ముడూ, అది నామవాచకం. లెక్క క్రియ ఒక్కదానికే. రాజుగారూ, పోటీ అంటేనే పరుగు పందెం కదా, అక్కడా అదే అర్థం.

పంతులమ్మ: మీ సూత్రం తెలుగులో నిలుస్తుందా చూడండి. ‘కొట్టు’ తీసుకుందాం. కొబ్బరికాయ కొడతాం, హారన్ కొడతాం, పెట్రోల్ కొట్టిస్తాం, గోడకి సున్నం కొడతాం, పరీక్షలో కాపీ కొడతారు, ఎండ కొడుతుంది, కరెంటు షాక్ కొడుతుంది, సినిమా బోర్ కొడుతుంది. బోర్ కొట్టడంలో దెబ్బ ఎవరికి తగిలింది? అన్నీ ఒకటే అంటే తెలుగు నేర్చుకునే మనిషికి ఏం చెబుతారు?

లెక్కపక్కా: ఎండ, షాక్ ఒంటికి తగిలేవే. బోర్ మనసుకి తగులుతుంది.

మల్లికార్జున: కొట్టు అంటే దుకాణం కూడా.

లెక్కపక్కా: అదీ నామవాచకమే. దయచేసి కలపకండి.

సీత_బెజవాడ: మీ లెక్కలు ఎలా ఉన్నా మా వాడి సంగతి వినండి. అయిదో తరగతి. కొత్త చొక్కా ఉతికితే రంగు దిగిందని ఇంగ్లిష్‌లో రాస్తూ ‘కలర్ రాన్’ అన్నాడు. టీచరు ఎర్ర పెన్నుతో కొట్టేసి, రంగుకి కాళ్లుంటాయా అని క్లాసులో అందరి ముందూ అడిగిందట. నేను నిఘంటువు చూశాను, వాడు రాసింది సరైనదే. వాడు మాత్రం అప్పటి నుంచి ఇంగ్లిష్‌లో సొంతంగా ఒక్క వాక్యం రాయడం లేదు, గైడు చూసి దింపుతున్నాడు.

పంతులమ్మ: చూశారా లెక్కపక్కా గారూ, ఒక్కటే అర్థం అనుకుంటే జరిగేది ఇదే. అర్థాలు తగ్గించాలని మీకెందుకింత పంతం?

లెక్కపక్కా: పంతమే. ఎందుకో చెబుతాను. నేను తెలుగు మీడియం. కోచింగ్ సెంటర్‌లో ఒక్కో మాటకి అర్థాల జాబితా ఇచ్చి బట్టీ పట్టించారు, రన్‌కే రెండు పేజీలు. ఇంటర్వ్యూలో ఇంటిని ఎవరు రన్ చేస్తారని అడిగితే పరుగు గురించి అనుకుని బిక్కచచ్చిపోయాను, ఎదురుగా ఉన్నవాళ్లు నవ్వారు. ‘సాగడం’ అని ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే తట్టేది. 645 అని మీరు గొప్పగా చెబుతుంటే పల్లెటూరి పిల్లలకి ఇది మనవల్ల కాదులే అనిపిస్తుంది. ఆ భయం మీకు తెలీదు మేడమ్.

పంతులమ్మ: తెలీదని మీరెలా అంటారు? నేనూ జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుకున్నదాన్నే. పిల్లలకి ఒక మూలం పట్టుకుని నేర్పాలంటే నాకేం అభ్యంతరం లేదు. నా కడుపుమంట వేరే. వాళ్లు ఒక్క మాట కోసం ఒక మనిషికి జీతమిచ్చి తొమ్మిది నెలలు కూర్చోబెట్టారు. నేను పాఠం చెప్పడానికి ‘కొట్టు’ వెతకాలంటే ఇప్పటికీ 1852 నాటి బ్రౌన్ నిఘంటువు తెరుస్తున్నాను. పెట్రోల్ కొట్టించడం, ఫోన్‌పే కొట్టడం ఆయన కాలంలో లేవు కదా, ఎవరు చేరుస్తారు? తేడాలన్నీ ఒకటేనని కొట్టిపారేస్తే ఆ పని చేయమని అడగడానికి కూడా నోరు రాదు.

గోదారి రాజు: కొట్టిపారేయడం కూడా రాసుకోండి.

లెక్కపక్కా: మీరు నిఘంటువు రాసేవాళ్ల సంగతి అంటున్నారు, నేను నేర్చుకునేవాళ్ల సంగతి. నిఘంటువులో వెయ్యి చేర్చండి, సంతోషం. తరగతి గదిలో మాత్రం ఒక్కటే చెప్పండి, ఈ మాట వెనక్కి తీసుకోను. సీతగారూ, ఆ నోట్సు పేజీ, నిఘంటువు పేజీ రెండూ ఫొటో తీసి రేపు టీచరుకి చూపించండి. కొట్టివేత తీయించి మార్కు వేయించండి, అదీ బాబు ముందే.

సీత_బెజవాడ: రేపు శనివారం, స్కూలుంది. వెళ్తాను.